పెట్టె శక్తి నెరిగి కార్డు కొనుట



నేటి ప్రసంగమునకు విషయము కంప్యూటరు పెట్టెలో అమర్చు గ్రాఫిక్స్ కార్డు. ఇది ఆటలాడు పిల్లల వినోదమునకు చెందిన వస్తువని, గృహస్థులకు దీనితో పనిలేదని తలచువారు కొందరుందురు. నేనును చాలకాలము అట్లే తలచితిని. కాని నేడు పెండ్లి చిత్రములు కూర్చువారు, ఫ్లెక్సీ బోర్డులు సిద్ధము చేయువారు, ఇండ్ల నమూనాలు గీయువారు ఈ కార్డు మీదనే ఆధారపడి బ్రతుకుచున్నారు. అట్టివారి ఇంట కార్డు కొనుట యనగా దుక్కిటెద్దును కొనుట వంటిదే. పండ్లు చూడవలయును, నడక చూడవలయును; అన్నిటికంటె ముందు మన కొట్టములో దానికి చాలినంత మేత కలదా యని చూడవలయును.

గడచిన సంక్రాంతికి నేను డోంగ్లిలో నున్న మా అక్కగారి ఇంటికి పోయితిని. డోంగ్లి కామారెడ్డి జిల్లాలో బాన్సువాడ రెవెన్యూ డివిజనుకు చెందినది. 2022 వరకు మద్నూరు మండలములో నొక గ్రామముగా నుండి, ఆ సంవత్సరమున తానే మండల కేంద్రమైనది. మహారాష్ట్ర సరిహద్దు చేరువ. నల్లరేగడి నేల, సోయా, ప్రత్తి, కంది అచ్చటి పంటలు. ఆ ప్రాంతపువారు మాటను తెలుగున మొదలిడి మరాఠీలో ముగింతురు. నడుమ కన్నడము కూడ తొంగిచూచును. మా మేనల్లుని వృత్తికి ఇది లాభమే యైనది. అతడు పెండ్లి వీడియోలు తీయును. మద్నూరులో పెండ్లియైనను, సరిహద్దు దాటి దెగ్లూరులో పెండ్లియైనను అతనికే కబురు వచ్చును.

ఇంట అడుగిడి కాళ్ళు కడుగుకొనకముందే మా అక్క నన్ను ప్రక్కకు పిలిచి, "తమ్మీ, వీడేదో కార్డట, సెకండ్ హ్యాండ్ల తెస్తనంటున్నడు. అది పెడ్తే సిపియు కాలిపోతదని ఇంకొగలు అంటున్నరు. సోయా పైసలు మీ బావ వాని చేతుల పెట్టిండు. జర జూడు," అని చెప్పెను. అక్క 'సిపియు' అనినది మొత్తము పెట్టెను. మన ప్రాంతమున ఆ పెట్టెకు అదియే పేరు. నేనును ఆ పేరును దిద్దబోను.

సంగతి యేమనగా, మేనల్లుడు మాఘమాసపు ముహూర్తములకు రెండు పెండ్లిండ్లు ఒప్పుకొని అడ్వాన్సు తీసికొనినాడు. అతని యంత్రము ఏదో కార్యాలయమున కొన్నేండ్లు పనిచేసి, అచ్చట తీసివేయగా అంగడికి వచ్చినది, రెండవచేతి సరకు. ఎనిమిదవ తరమునకు చెందిన ఐ5 ప్రాసెసరు, 8 జి.బి. మెమరీ, ఒక చిన్న ఎస్.ఎస్.డి. కలవు. ఉత్తరములు వ్రాయుటకు, లెక్కలు వేయుటకు అది రాజు వంటి యంత్రము. కాని రెండు గంటల పెండ్లి చిత్రమును కూర్చి తుది రూపమునకు తెచ్చుటకు దానికి రాత్రియంతయు పట్టుచున్నది. ఒకసారి తెల్లవారుజామున కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ అరగంటకూడ ఆగక, పని మరల మొదటికి వచ్చినదట. అందుచేత నిజామాబాదులో ఒక పరిచితుని వద్ద ఆర్.ఎక్స్. 580 అను వాడిన కార్డు ఏడువేలకు దొరకుచున్నదని విని, మరునాటి బస్సుకు బయలుదేరుటకు సిద్ధముగా నున్నాడు.

"మామా, గది మస్తు పెద్ద కార్డు. ఎనిమిది జీబీ. గింత తక్వల మల్ల దొర్కదు," అని అతని వాదము.

అతని ఉత్సాహమును చూచి నాకు నవ్వు రాలేదు. కారణము చెప్పెదను. 2009లో నేనును ఇట్లే ఒక కార్డు కొంటిని. మా ఇంటి పెట్టెలోని విద్యుత్ సరఫరా భాగము దానికి చాలదని అంగడివాడు చెప్పలేదు, నేను అడుగలేదు. కార్డుకు వేరుగా 6 పిన్నుల తీగ కావలసియుండగా, పెట్టెలో అది లేక, ఒక చౌక అతుకు తీగను తగిలించితిని. మూడు వారములు చక్కగా నడిచినది. నాలుగవ వారమున ఒక సాయంకాలము వైరు కాలిన వాసన వచ్చెను. సరఫరా భాగము తాను పోవుటయే గాక హార్డ్ డిస్కును కూడ వెంటబెట్టుకొని పోయెను. ఆ డిస్కులో మా అమ్మ పాడిన బతుకమ్మ పాటలు ఇరువది రెండు ఉండెను. వేరొక ప్రతి లేదు. అంతకు ముందు సంవత్సరమే అమ్మ కాలముచేసినది. రేడియోలో పనిచేయుచు, పదిమంది గొంతులను భద్రపరచు వృత్తిలో నుండి, కన్నతల్లి గొంతును నేను నిలుపుకొనలేకపోతిని. కనుక ఈ విషయమున నా జాగ్రత్త కొంత అధికముగా తోచినను శ్రోతలు మన్నింతురు గాక.

గ్రాఫిక్స్ కార్డనగా నేమి? ప్రాసెసరులో పనివాండ్రు కొద్దిమంది. ఒక్కొక్కడును బుద్ధిమంతుడు, ఏ పనియైనను చేయగలడు. మా మేనల్లుని ఐ5లో అట్టివారు ఆరుగురు. కార్డులోని పనివాండ్రు వేలమంది. ఒక్కొక్కనికి తెలిసినది కొంచెమే, కాని అందరును ఒకేసారి ఒకే పనిలోనికి దిగుదురు. ప్రత్తి చేనులో ఆరుగురు పండితులు దిగుటకును, రెండువేలమంది కూలీలు దిగుటకును ఎంత భేదమో అంత భేదము. చిత్రములోని ప్రతి చుక్కకు రంగు మార్చుట, వెలుగు పెంచుట ప్రత్తి ఏరుట వంటి పనులు. అయితే రెండువేలమందికి అన్నము పెట్టవలయును గదా! ఆ అన్నమే విద్యుత్తు. 1999లో ఎన్‌విడియా వారు జీఫోర్స్ 256 అను కార్డును విడుదల చేసినపుడు మదర్‌బోర్డు స్లాటునుండి వచ్చు విద్యుత్తే దానికి సరిపోయెడిది. 2025 జనవరిలో అదే సంస్థ విడుదల చేసిన ఆర్.టి.ఎక్స్. 5090 ఒక్కటియే 575 వాట్లు గ్రహించును. దానికి 1,000 వాట్ల సరఫరా ఉండవలయునని తయారీదారులే చెప్పుచున్నారు. అది వేరు లోకము. మన చర్చ డోంగ్లిలోని పాత పెట్టెను గూర్చి.

పెట్టెను విప్పితిమి. బావగారు కూడ వచ్చి మోకాళ్ళపై చేతులానించి కూర్చుండిరి. మూలనున్న ఇనుప డబ్బాను చూపి, "ఇదే ఎస్.ఎం.పి.ఎస్. గోడలోని 230 వోల్టుల కరెంటును తీసికొని, లోపలి భాగములకు పనికివచ్చు 12 వోల్టులు మొదలగు చిన్న వోల్టులుగా మార్చి పంచునది ఇదియే," అని చెప్పితిని. దాని ప్రక్కన ఒక చీటీ అంటించియుండును. కార్డు కొనదలచినవారు మొట్టమొదట చదువవలసిన పత్రము అది. అంగడివాని పత్రము తరువాత.

మా మేనల్లుని పెట్టెలోని చీటీపై 260 వాట్లని యుండెను. దాని క్రింద 12 వోల్టుల వరుసలు రెండు, ఒక్కొక్కటి 16 ఆంపియర్లు. ఇక్కడ అతడు గబగబ లెక్కవేసి, "పదహారూ పదహారూ ముప్పైరెండు, పన్నెండుతోని గుణిస్తే మూడొందల ఎనభై నాలుగు. ఇంగేంది మామా, మస్తున్నది!" అనెను. చాలమంది చేయు పొరపాటిది. చీటీ అడుగున చిన్న అక్షరములలో, రెండు వరుసలును కలిసి 260 వాట్లను మించరాదని వ్రాసియుండెను. ఒక్కొక్క వరుసకు హద్దు వేరు, మొత్తమునకు హద్దు వేరు. రెండును పాటింపవలసినవే.

అప్పుడు బావగారు, "అంటే మన చేను కాడి ట్రాన్స్‌ఫార్మర్ లెక్కనే గద," అనిరి. నేను ఆశ్చర్యపడితిని; అంతకన్న చక్కని ఉపమానము నాకు తట్టియుండలేదు. ఇరువదియైదు కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు మీద ఐదు హార్స్‌పవరు మోటార్లు ఇన్ని మాత్రమే నడుచునని రైతు ఎరుగును. పొరుగువాడు ఇంకొక మోటారు తగిలించినచో మొదటి దినము నడుచును, రెండవ దినమును నడుచును. అందరును ఒక్కసారి స్విచ్చి వేసిననాడు కాలును. కాలిన పిమ్మట ఎండునది ఆ పొరుగువాని పొలము మాత్రము కాదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు మొదలిడిన తరువాత కూడ ఈ లెక్క మారలేదు. గంటలు పెరిగినవి గాని ట్రాన్స్‌ఫార్మరు కడుపు పెరుగలేదు.

ఇక కూడిక. ప్రాసెసరుపై తయారీదారులు చెప్పిన అంకె 65 వాట్లు. కాని పని మీద పడినపుడు అది కొంతసేపు అంతకన్న ఎక్కువ త్రాగును గనుక 90 అని వేసికొంటిమి. మదర్‌బోర్డు, మెమరీ, డిస్కులు, పంకాలు, యు.ఎస్.బి.కి తగిలించినవి అన్నియు కలిపి 40. మొత్తము 130. మిగిలినది మరియొక 130. అయితే మిగిలినదంతయు కార్డుకు ఇచ్చివేయుట తగదు. కార్డు గ్రహించు విద్యుత్తు సమముగా నుండదు. కన్నుమూసి తెరచునంతలో చెప్పిన అంకెను దాటి మరల దిగుచుండును. పైగా ఈ సరఫరా భాగము ఏండ్ల తరబడి పనిచేసి అలసినది. దానిలోని కెపాసిటర్లు కాలముతోపాటు బలహీనమగును. కనుక అయిదవ వంతైనను చేతిలో నుంచుకొనవలయును. అట్లు చూచిన కార్డుకు దక్కునది డెబ్బదియైదు, ఎనుబది వాట్లకు మించదు.

నిజామాబాదు కార్డు, అనగా 2017లో వచ్చిన ఆర్.ఎక్స్. 580, గ్రహించునది 185 వాట్లు. 130కి 185 కలిపిన 315. పెట్టె శక్తి 260. మేనల్లుడు కాగితము వైపు చూచి మాటాడలేదు.

ఆ కార్డును గూర్చి ఇంకొక మాట కూడ చెప్పవలసియుండెను. ఏడువేలకే అది యెందుకు దొరకుచున్నది? ఈథీరియం అను డిజిటల్ నాణెమును సంపాదించుటకు లోకమంతటను ఇట్టి కార్డులను వరుసలుగా పేర్చి రాత్రింబగళ్ళు నడిపిరి. 2022 సెప్టెంబరు 15న ఆ నాణెపు పద్ధతియే మారి, కార్డులతో ఆ సంపాదన నిలిచిపోయెను. అప్పుడు ఆ కార్డులు కుప్పలుగా రెండవచేతి అంగళ్ళకు చేరినవి. అందు మంచివి లేకపోలేదు. కాని దాని పంకా ఎన్ని వేల గంటలు తిరిగినదో, లోపలి పేస్టు ఎంత యెండినదో కొనువానికి తెలియదు.

శ్రోతలలో సాంకేతికాభిరుచి గలవారు ఇక్కడ ఒక ప్రశ్న వేయుదురు: సాఫ్ట్‌వేరు ద్వారా కార్డు వాడకమును తగ్గించి, 185 స్థానమున 120 గ్రహించునట్లు హద్దు పెట్టరాదా? పెట్టవచ్చును, పలువురు పెట్టుచున్నారు. కాని ఆ హద్దు విండోస్ తెరచుకొని సాఫ్ట్‌వేరు నడచిన పిమ్మటనే అమలగును. పైగా అట్టి కార్డుకు స్లాటు గాక వేరు తీగ తప్పక కావలయును. మేనల్లుని పెట్టెలో ఆ తీగయే లేదు.

ఈ తీగల సంగతి కొంచెము విపులముగా చెప్పెదను; 2009లో నేను చెడినది ఇచ్చటనే. మదర్‌బోర్డుపై కార్డు గుచ్చు పొడుగు స్లాటు, పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటు, దానియంతట అది 75 వాట్ల వరకు ఇయ్యగలదు. అంతకు మించి కోరు కార్డులకు సరఫరా భాగమునుండి నేరుగా తీగ రావలయును. 6 పిన్నుల తీగ మరి 75 వాట్లును, 8 పిన్నుల తీగ 150 వాట్లును తెచ్చును. ఈ తీగలు లేని పెట్టెలకు అంగళ్ళలో అతుకు తీగలు దొరకును: ఒక కొన డిస్కుకు పోవు సాటా తీగకు తగులును, రెండవ కొన 6 పిన్నుల రూపమున నుండును. తగులుట తగులును. కాని సాటా కొనలో 12 వోల్టులకు కేటాయించిన పిన్నులు మూడు, ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియరు, కలిపి నాలుగున్నర. పన్నెండుచే గుణించిన 54 వాట్లు. ఆ కొనను 75 వాట్లు మోయుమనుట, సైకిలు క్యారియరు మీద రెండు బస్తాల వడ్లు వేసి మద్నూరు దాక తొక్కుమనుట వంటిది. పిన్నుల వద్ద వేడి పుట్టును, ప్లాస్టిక్ మెత్తబడును. తయారీదారులు సరఫరా భాగమునకు 6 పిన్నుల తీగను పెట్టలేదనగా, ఇంతకంటె అడుగవద్దని వారు చెప్పినట్లే యని గ్రహింపవలయును.

"అయితే ఎస్.ఎం.పి.ఎస్.నే మారుస్తే?" అని మేనల్లుడడిగెను. మంచి ప్రశ్న. మామూలు పెట్టెలలో నది తేలిక. పేరు గల 450 వాట్ల సరఫరా భాగము కొని పెట్టుకొనవచ్చును. కాని కార్యాలయపు యంత్రములలో చాలవాటికి మదర్‌బోర్డుకు పోవు తీగ సామాన్యమైన 24 పిన్నులది కాదు. తయారీదారుల స్వంత రూపము. డబ్బా కొలతయు వేరు. మార్పు తీగలు దొరకవచ్చును గాని, కార్డుకును సరఫరాకును కలిపి ఖర్చు అతని చేతిలోని పదునెనిమిది వేలను దాటును. ఇంకొక హెచ్చరిక: క్యాబినెట్టుతోపాటు చౌకగా వచ్చు సరఫరా భాగములపై '450' అని పెద్ద అక్షరములతో నుండును. చీటీ తిప్పి 12 వోల్టుల యెదుట ఎన్ని ఆంపియర్లో చూడుడు. 15 అని యున్నచో అది కార్డుకును ప్రాసెసరుకును కలిపి 180 వాట్లకు మించి ఇయ్యదు. పెద్ద అంకెను చూచి మోసపోకుడు.

కనుక నిర్ణయ మేమనగా, వేరు తీగ కోరనిది, స్లాటు ఇచ్చు 75 వాట్లలోనే బ్రతుకునది కావలయును. ఈ జాతి కార్డులు కొద్ది.

జి.టి. 1030 అనునది 30 వాట్లే గ్రహించును. కాని దానిలో వీడియోను కుదించి తుదిరూపమునకు తెచ్చు ఎన్‌కోడరు అను ప్రత్యేక భాగము లేదు. పెండ్లి చిత్రములవానికి అది లేని కార్డు, నాగలి లేని ఎద్దు. 2022లో ఎ.ఎం.డి. వారు తెచ్చిన ఆర్.ఎక్స్. 6400 కూడ 53 వాట్లతో ముచ్చటగా నుండును. దానిలోను ఎన్‌కోడరు లేదు. పైగా అది స్లాటులోని పదునారు దారులలో నాలుగింటినే వాడుకొనును గనుక పాత మదర్‌బోర్డులపై ఇంకను నెమ్మదించును. ఆటలకు మాత్రమే కొనువారు దానిని తలపవచ్చును. ఇంటెల్ వారి ఆర్క్ ఎ380 వీడియో పనికి మిక్కిలి నేర్పు గలది. కాని దాని రకములలో పెక్కు 8 పిన్నుల తీగను కోరును. అదియునుగాక మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అను సదుపాయము లేనిచో దాని బలము తగ్గును. ఇంటెల్ వారు దానికి పదవ తరమును, ఆ పై ప్రాసెసర్లను చెప్పిరి. మనది ఎనిమిదవది.

మిగిలినవి రెండు. 2019 ఏప్రిల్‌లో వచ్చిన జి.టి.ఎక్స్. 1650: 4 జి.బి. మెమరీ, 75 వాట్లు, ఎన్‌కోడరు కలదు. రెండవది 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3050, 6 జి.బి. రకము: 70 వాట్లు, పనివాండ్రు 2,304 మంది, ఎన్‌కోడరు మొదటిదానికంటె క్రొత్తది. పెట్టె మరీ పొట్టిదైనవారికి ఈ రెండింటిలోను సగము ఎత్తు రకములు దొరకును. ఇక్కడ పేర్ల మాయలో పడరాదు. 3050 అను పేరుతోనే 2022లో వచ్చిన 8 జి.బి. రకము వేరొకటి కలదు. అది 130 వాట్లు గ్రహించును, తీగ కోరును. మన కూడికలో అది వేసిన సరిగా 260 అగును, చేతిలో చిల్లి వాటు మిగులదు. 1650లో కూడ తరువాత వచ్చిన జి.డి.డి.ఆర్.6 రకములలో పెక్కింటికి 6 పిన్నుల తీగ పెట్టిరి. కనుక అంగడిలో పేరు చెప్పి ఊరకుండక, పెట్టె తెరిపించి కార్డు అంచున తీగ తగులు చోటు కలదో లేదో కంటితో చూడవలయును.

మరొక సంగతి మరువరాదు. చిన్న కార్యాలయ యంత్రములు కొన్నింటిలో తయారీదారులే స్లాటుకు 75 కంటె తక్కువ హద్దు పెట్టుట కలదు. యంత్రముతో వచ్చిన పుస్తకమున గాని, వారి సైటున గాని అది చూడవలయును. మేనల్లునిది పెద్ద డబ్బా గనుక చిక్కు రాలేదు.

ఇంతవరకు వచ్చి నేను వానిని ఒక మాట అడిగితిని: "అల్లుడా, ఉన్నదానిని పూర్తిగా వాడుచున్నావా?" ఐ5 ప్రాసెసరులోనే క్విక్ సింక్ అను చిన్న వీడియో ఎన్‌కోడరు కలదు. కూర్పు సాఫ్ట్‌వేరులో దానిని ఎంచుకొనవలయును. ఎంచుకొనక, పనియంతయు ఆరుగురు పండితుల నెత్తిన వేసి, యంత్రము నెమ్మదియని నిందించుచున్నాడు! ఆ ఒక్క గడిని మార్చితిమి. రాత్రియంతయు పట్టునది నాలుగు గంటలకు దిగెను. మెమరీ కూడ 8 జి.బి. ఒక్క ముక్కయే యుండెను. ప్రక్క గూడు ఖాళీ. కార్డుకంటె ముందు ఇంకొక ముక్క కొనుమని చెప్పితిని. శ్రోతలు కూడ ఇది గమనింతురు గాక: నెమ్మదితనమునకు కారణము కార్డు లేమియే యని తలచి డబ్బు పోయుటకు ముందు, పని జరుగుచుండగా టాస్క్ మేనేజరు తెరచి, నిండిపోవుచున్నది ప్రాసెసరో, మెమరీయో, డిస్కో చూడుడు. ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

అయినను కార్డు అవసరము తీరలేదు. రంగులు దిద్దుట, చీకటిలో తీసిన బరాత్ దృశ్యములలోని గరుకుదనము పోగొట్టుట చిన్న ఎన్‌కోడరు వలన కాని పనులు. కనుక సంక్రాంతి తరువాతి సోమవారము ఇద్దరమును మద్నూరునుండి బస్సెక్కి సికింద్రాబాదు పోయితిమి. ప్యారడైజు చేరువను చెనాయ్ ట్రేడ్ సెంటరు, కంప్యూటరు సరకుకు చాలకాలముగా పేరెన్నిక గన్నది. మెట్ల వెంబడి అంగళ్ళే. మొదటి అంగడిలో 3050 అనగానే 8 జి.బి. రకమును బల్లపై పెట్టి, "ఇదే బెస్ట్ సార్," అనిరి. మేనల్లుడు దానిని చేతితో తాకకుండ వంగి అంచు చూచి, "దీనికి పిన్నులున్నయ్, వద్దు," అనెను. నాకు లోలోన సంతోషము కలిగెను. మూడవ అంగడిలో 6 జి.బి. రకము దొరకెను. మూడేండ్ల గ్యారంటీ చీటీ, జి.ఎస్.టి. బిల్లు తీసికొంటిమి. వాడిన 1650 దాని ధరలో సగమునకంటె తక్కువకే చూపిరి, గ్యారంటీ లేదు. డబ్బు మిక్కిలి తక్కువగా నున్నవారికి దానిని నేను కాదనను. కాని ముహూర్తపు పని మీద నున్నవానికి గ్యారంటీ లేని వస్తువు పనికిరాదని నా అభిప్రాయము.

అమర్చుటలో చెప్పదగినది కొంచెమే. స్విచ్చి తీసి, తీగ ఊడదీసి, చేతిని ఇనుప డబ్బాకు తాకించి, కార్డును స్లాటులో గట్టిగా కూర్చుండబెట్టి మర బిగించితిమి. మానిటరు తీగను మదర్‌బోర్డు నుండి తీసి కార్డుకు తగిలించుట మరచి, తెర నల్లగా నున్నదని కొంత కలవరపడితిమి. ఇది అందరును చేయు పొరపాటే యట.

గోడ ప్లగ్గులో పెట్టు చిన్న వాట్ మీటరును నేను వెంట తీసికొని పోయితిని. పూర్తి బరువుతో చిత్రము తయారగుచుండగా అది 200 వాట్ల చుట్టుప్రక్కల తిరిగెను. ఇది గోడ నుండి తీయునది. సరఫరా భాగములో కొంత వేడిగా పోవును గనుక లోపలికి చేరునది ఇంకను తక్కువ. 260 వాట్ల హద్దుకు మనము చాల ఇవతల నున్నాము. వారి 600 వి.ఏ. యూపీఎస్ మోయగలది 360 వాట్లు. మానిటరుతో కలిపినను అది ఇముడును. కాని పాత బ్యాటరీ మార్పించితిమి. కరెంటు పోయినపుడు పనిని ఆపి యంత్రమును సరిగా మూయుటకే యూపీఎస్ గాని, పని సాగించుటకు కాదని వానికి గట్టిగా చెప్పితిని. కరెంటు బిల్లు మాట అక్క అడిగెను. కార్డు 70 వాట్ల చొప్పున రోజుకు ఆరు గంటలు నడిచినచో నెలకు పండ్రెండున్నర యూనిట్లు. అక్క నిట్టూర్చి, "ఫ్యాన్ దిరిగినట్టే," అనెను.

రెండు గంటల చిత్రము ఇప్పుడు గంట ఇరువది నిమిషములలో సిద్ధమగుచున్నది. మాఘమాసపు రెండు పెండ్లిండ్లును గడువులోపల ఇచ్చివేసెను. మొన్న టెలిఫోనులో మాటాడుచు, ప్రత్తి దుమ్ము పెట్టెలోనికి పోవుచున్నదని, వేసవిలో కార్డు వేడి ఎనుబది డిగ్రీలకు చేరుచున్నదని చెప్పెను. ఆ కార్డు కొంతవరకు ఓర్చుకొనగలదు. అయినను పదునైదు రోజులకొకసారి బ్లోయరుతో దుమ్ము ఊదుమని, పెట్టెను గోడకు ఆనించి పెట్టవద్దని చెప్పితిని. దెగ్లూరువారు 4కె చిత్రము అడుగుచున్నారట. అది ఈ పెట్టె చేత కొంత నెమ్మదిగా నైనను అగును.

నేను డోంగ్లి నుండి బయలుదేరు ముందటి రాత్రి, యంత్రమును పరీక్షించుటకు ఏదైన రికార్డు చేయుదమని మేనల్లుడనెను. మా అక్క చాల బతిమాలించుకొని అమ్మ పాడెడి బతుకమ్మ పాటలు పాడెను. అన్నియు గుర్తు లేవు, పదునాలుగు వచ్చినవి. ఒక ప్రతి ఆ పెట్టెలో నున్నది, ఒకటి అల్మరలోని వేరొక డిస్కులో నున్నది, మూడవది నా సంచిలో తెచ్చుకొంటిని.